లేబుల్ మీద బంగళా

"బొమ్మలో ఉన్న బంగళా ఈ వైన్‌ది కాదు, పక్కింటిది" అన్నాడు కొలీగ్, సీసా నా వైపు తిప్పి.

లెయోవిల్ బార్టన్. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర సెయింట్ జూలియన్ అనే ఊరి రెడ్ వైన్. 1855లో బోర్డో వైన్లకి వేసిన ర్యాంకుల్లో రెండో శ్రేణి. అంత పేరున్నా దీనికంటూ సొంత భవనం లేదు! ఐర్లాండ్ నుంచి వచ్చిన బార్టన్ కుటుంబం 1821లో లాంగోవా అనే ఎస్టేట్‌ని బంగళాతో సహా కొంది, 1826లో లెయోవిల్ తోటలో కొంత భాగం కొంది. తోట వచ్చింది గానీ మేడ రాలేదు. అందుకే వైన్ లాంగోవాలోనే తయారవుతుంది, లేబుల్ మీద బొమ్మా దానిదే.

రుచి? మొదటి గుటకకి నేరేడు పండు తిన్నట్టు నాలుక పట్టేసింది. కబెర్నే సోవిన్యోన్ ద్రాక్ష ఎక్కువ కదా, ఆ వగరు మెత్తబడాలంటే ఏళ్లు పడుతుందట. కాసేపు గ్లాసులో ఉంచితే కాస్త దారికొచ్చింది.

నాకు నచ్చింది మాత్రం వేరే. బోర్డోలో ఎన్నో ఎస్టేట్లు బీమా కంపెనీల చేతుల్లోకి పోయాయి. ఇది రెండు వందల ఏళ్లుగా అదే ఇంటివాళ్ల దగ్గరే ఉంది. మనవైపు రెండు తరాలకే గట్టు తగాదాలు మొదలవుతాయి!

ధర మాత్రం అడగలేదు. బిల్లు బాస్‌ది.