ఎండుమిర్చి కొనుగోలు: లారీ ఎక్కకముందే తేల్చుకోవాల్సినవి

కారం, పచ్చళ్ల యూనిట్లవాళ్లు గుంటూరులో మిర్చి కొనేటప్పుడు కిలోకు రెండు రూపాయలు తగ్గించడానికి పూటంతా బేరమాడతారు. తేమకు తరుగు ఎంత, శాంపిల్ ఎవరి ఎదుట తీయాలి, సరుకు వెనక్కి పంపితే లారీ కిరాయి ఎవరిది అన్నవి మాత్రం లారీ గుమ్మం ముందు ఆగాక మాట్లాడతారు. తగువులన్నీ అక్కడే.

ముందు తేమ. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పరిమితి 11 శాతం. ఒప్పందంలో 10 రాసుకోండి. 12 దాకా తరుగు, దాటితే వాపసు. తరుగు లెక్క తేలికే: 100లోంచి ఉన్న తేమ శాతం తీసేసి, దాన్ని తూకంతో గుణించి, 100లోంచి ఒప్పందంలోని 10 పోగా మిగిలిన 90తో భాగించాలి. 12 శాతం తేమతో 1,000 కిలోలు దిగితే డబ్బు కట్టాల్సింది 977.8 కిలోలకే. కిలో ₹200 అనుకుంటే టన్నుకు ₹4,440 తేడా. ఆ సరుకును ఆరబెట్టాకే మర పట్టాలి. 12 దాటిన సరుకును ఎంత తరుగు ఇస్తామన్నా దించుకోవద్దు. బస్తాలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరిందంటే ఎండబెట్టినా పోదు. బరువు కోసం నీళ్లు చల్లిన మిర్చితో వచ్చే ముప్పు ఇదే.

శాంపిల్ టిక్కీ (మిర్చి బస్తా) మూతి దగ్గర తీస్తే సరుకు బాగానే కనిపిస్తుంది, తాలు (రంగు పోయిన నాసి కాయలు) అడుగున ఉంటుంది. వంద టిక్కీల్లో పదింటిని మీరే ఎంచి పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా తీయండి. కాయ విరిచి చూడండి. లోపల గింజలు నల్లబడితే తొక్క ఎంత ఎర్రగా ఉన్నా లాభం లేదు. తీసినదంతా కలిపి మూడు పాలు చేసి గాలి చొరని కవర్లలో సీలు వేయండి: ఒకటి మీకు, ఒకటి అమ్మినవారికి, మూడోది తగువొస్తే ల్యాబ్‌కి. అమ్మినవారికీ ఇది రక్షే. గోడౌన్‌లో మీ దగ్గర తడిసిన సరుకు నింద వాళ్ల మీద పడదు.

ఏసీ సరుకైతే, అంటే కోల్డ్ స్టోరేజీలోంచి వచ్చినదైతే, దించగానే టిక్కీలు విప్పకండి. చల్లటి కాయ మీద గాలిలోని తేమ చేరి మీటరు ఎక్కువ చూపిస్తుంది. బయటి వేడికి వచ్చాకే కొలవాలి.

ఒక్కరి మీదే ఆధారపడకూడదని ఇద్దరు ఏజెంట్లను పెట్టుకుంటారు. ఇద్దరూ ఒకే కోల్డ్ స్టోరేజీలోంచి తెస్తుంటే ఇద్దరున్నా ఒకరితో సమానమే. 2021–22లో నల్ల తామర పురుగు గుంటూరు, ఖమ్మం, వరంగల్ తోటలను కలిపే దెబ్బ తీసింది. అందుకే పదిలో ఒక వంతైనా మధ్యప్రదేశ్ ఖర్గోన్ వైపు నుంచి తెప్పించుకోవడం మంచిది. రంగు, ఘాటు మారతాయి కాబట్టి ముందు పాతిక కిలోలు మర పట్టి చూడాలి.

ఇక ధర. సీజన్ మొత్తానికి ఒకే రేటు రాయించుకుని గెలిచామనుకునేవాళ్లు చాలామంది. మార్కెట్ పెరిగితే అమ్మేవాడు సరుకు ఆపడు, తాలు కలుపుతాడు. దానికి బదులు మార్కెట్ ధర పది శాతం అటూఇటూ అయ్యేదాకా రాసుకున్న రేటే, దాటినదాన్ని చెరిసగం పంచుకోవడం మేలు. రేటు ₹200, మార్కెట్ ₹240 అయితే ₹220 దాటిన ₹20లో సగం కలిపి ₹210 ఇస్తారు. ₹160కి పడితే ₹190 కడతారు. పడిన రోజు మీరు మాట తప్పితే పెరిగిన రోజు వాళ్లూ తప్పుతారు.

చెల్లింపు గడువూ రాతలో ఉండాలి. తొడిమ తీసి ఇచ్చే చిన్న యూనిట్లు కేంద్ర ప్రభుత్వ చిన్న పరిశ్రమల నమోదు పోర్టల్ ఉద్యమ్‌లో నమోదై ఉంటే, అలాంటి పరిశ్రమల కోసం చేసిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం రాత లేనప్పుడు 15 రోజులు, రాత ఉన్నా 45 రోజులకు మించకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ, అదీ నెలనెలా.