గోపురం లేని గంట

హిమాచల్‌లో ధర్మశాల ఊరి పైనున్న మెక్లియోడ్‌గంజ్ వెళ్లినవాళ్లు దలైలామా ఆలయం, జలపాతం చూసుకుని బస్సెక్కేస్తారు, మేమూ అలాగే చేసేవాళ్లం. కాకపోతే ఆ రోజు టాక్సీ దొరక్క ఫోర్సిత్‌గంజ్ వైపు నడుస్తుంటే, దేవదారు చెట్ల సందుల్లోంచి నల్లబడిన రాతి గోడ ఒకటి కనిపించింది. సెయింట్ జాన్ ఇన్ ది వైల్డర్‌నెస్ అట. 1852లో కట్టిన చిన్న చర్చి.

అడవిలో ఉంది కాబట్టి ఆ పేరు పెట్టారనుకున్నా. కాదట, బాప్తిస్మమిచ్చు యోహాను పేరు మీద కట్టింది, అరణ్యంలో కేకవేసే గొంతు అంటారే, ఆయన. చుట్టూ ఎటూ అడవే కాబట్టి పేరు రెండు రకాలా అతికింది.

బయట నిలబడి చూస్తుంటే ఏదో వెలితి. కట్టడం గట్టిగానే ఉంది, గోడలు చెక్కుచెదరలేదు, కానీ గంట గోపురం లేదు. 1905 ఏప్రిల్ 4న పొద్దున్నే, చాలామంది ఇంకా ఇళ్లలోనే ఉన్న వేళ వచ్చిన కాంగ్రా భూకంపానికి అది కూలిపోయింది. ఆ భూకంపంలో దాదాపు 20,000 మంది పోయారు. తర్వాత 1915లో ఇంగ్లండ్‌లో పోతపోసిన గంట ఒకటి తెప్పించారు గానీ, వేలాడదీయడానికి గోపురం ఏదీ? అందుకని ఆవరణలోనే ఓ పక్కన విడిగా పెట్టారు. ఎక్కడో తల పైకెత్తి చూడాల్సిన గంట ఇలా మనకి అందేంత దగ్గర్లో ఉంటే ఎందుకో పలకరించాలనిపిస్తుంది. చెయ్యి పెట్టి చూశా, ఎండలో కూడా చల్లగా ఉంది.

లోపల మసక చీకటి. బల్లల మీద కూర్చుంటే కాసేపటికి గానీ కళ్లు అలవాటు పడలేదు, అప్పుడు కనిపించాయి బెల్జియం రంగుటద్దాలు, వాటిల్లో యేసు, యోహాను. లేడీ ఎల్గిన్ ఇచ్చినవి. ఆవిడ భర్త, మన దేశానికి రెండో వైస్రాయి, 1863లో ధర్మశాలలో గుండెజబ్బుతో పోతే ఇక్కడే సమాధి చేశారు.

ఎవరీ ఎల్గిన్ అని అక్కడే ఫోన్లో వెతికా. 1860లో బీజింగ్‌లో చక్రవర్తుల వేసవి భవనాన్ని తగలబెట్టించింది ఈయనే. గ్రీసులో ఏథెన్స్ పార్థినాన్ గుడి శిల్పాలు ఊడదీయించి తీసుకెళ్లింది వాళ్ల నాన్న! కుటుంబం మొత్తం ఇదే పనిలో ఉన్నట్టుంది. చర్చి మీద కలిగినంత జాలి ఈయన మీద నాకైతే కలగలేదు. సమాధి మాత్రం పెద్దదే. దాని అంచున ఓ కోతి కూర్చుని పిల్లకి పేలు చూస్తోంది, మేం దగ్గరికెళ్లినా తల తిప్పలేదు.

తిరిగొస్తూ మావాడు గంటని వేలితో టక్‌మని కొట్టాడు. శబ్దం వాడికి కూడా సరిగ్గా వినపడలేదు, రోడ్డు మీద అప్పుడే ఎవరో హారన్ కొట్టారు.