నా ఒరిజినల్స్ ఎవరి బీరువాలో ఉన్నాయి

2018లో కన్వీనర్ కోటాలో బీఎస్సీ నర్సింగ్ సీటు వచ్చినప్పుడు మిర్యాలగూడ దగ్గరి మా ఊళ్లో అందరూ నాన్నతో ఒకే మాట అన్నారు: నర్సు చదివిన పిల్ల ఖాళీగా ఉండడం ఎక్కడా చూడలేదని. నాలుగేళ్ల చదువు మధ్యలో కరోనా విడతలుగా వచ్చి పోయింది, నర్సుల కొరత గురించి ప్రతి పత్రికా రాసింది, మేము కూడా మాకు ఉద్యోగాలు ఎదురొస్తాయనే నమ్మాము. 2022 చివర్లో ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఆ తరువాత నెలకు ముప్పై వేలకు దగ్గరగా వచ్చే పనిలో కుదురుకోవడానికి నాకు రెండేళ్లకు పైగా పట్టింది. ఈ రెండేళ్లలో ఎక్కువ భాగం పని వెతకడంలో కంటే నా సర్టిఫికెట్లు నా చేతికి తెచ్చుకోవడంలోనే గడిచిందని ఇప్పుడు లెక్క వేసుకుంటే తెలుస్తోంది.

మొదటి చిక్కు కాలేజీలోనే మొదలైంది. నాది ఫీజు రీయింబర్స్‌మెంట్ సీటు, అంటే ట్యూషన్ ఫీజు ప్రభుత్వం కాలేజీకి చెల్లిస్తుంది. చివరి రెండు సంవత్సరాల డబ్బు ప్రభుత్వం నుంచి ఇంకా రాలేదని, అది వచ్చేదాకా మార్కుల మెమోలు, ప్రొవిజనల్ (తాత్కాలిక డిగ్రీ సర్టిఫికెట్), కోర్సు పూర్తి చేసిన సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదని, అత్యవసరమైతే ఆ మొత్తం మేమే కట్టి తీసుకుపోవచ్చని, ప్రభుత్వం విడుదల చేశాక తిరిగి ఇస్తామని ఆఫీసులో చెప్పారు. బకాయి ప్రభుత్వానిది, తాకట్టు మాత్రం నా కాగితాలు. నాన్న ఆటో నడుపుతారు. చేతిలో అంత డబ్బు లేదు కనుక మేము ఎదురుచూశాము.

ఆ ఎదురుచూపు ఖరీదు ఎంతో డిసెంబరు చివర్లో తెలిసింది. తెలంగాణ మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. మూలవేతనం 36,750 రూపాయల దగ్గర మొదలవుతుంది. అన్నేసి పోస్టులు ఒకేసారి పడడం మా సీనియర్లు కూడా చూడలేదట. దరఖాస్తుకు తెలంగాణ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్‌కు మెమోలు, ప్రొవిజనల్ కావాలి, అవి కాలేజీ బీరువాలో ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో దరఖాస్తు గడువు ముగిసిపోయింది. గడువు దాటిన పది రోజులకు అమ్మ తన పుస్తెలతాడులోని గుండ్లు తప్ప మిగిలిన బంగారం కుదువ పెట్టి డబ్బు తెచ్చింది. ఆ పని నెల ముందే చేయలేదని ఆమె ఇప్పటికీ నొచ్చుకుంటుంది. కాలేజీలో అంత గట్టిగా పట్టుబడతారని మాలో ఎవరూ అనుకోలేదు, ఏదో ఒక రోజు మెత్తబడతారనే అనుకున్నాము.

కాగితాలు చేతికి వచ్చాక కౌన్సిల్ పని పెద్ద కష్టం కాలేదు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, నాలుగేళ్ల మార్కుల మెమోలు, ప్రొవిజనల్, ఆధార్, ఫోటోలు పెట్టి దరఖాస్తు చేసుకుంటే రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అని రెండు హోదాలతో రిజిస్ట్రేషన్ వస్తుంది. ఏప్రిల్‌లో వచ్చింది.

ఇక అసలు వెతుకులాట. మిర్యాలగూడలో రెండు నర్సింగ్ హోమ్‌లకు వెళ్లాను. ఒకరు ఎనిమిది వేలు ఇస్తామన్నారు, ఓపీ చీటీలు రాయడం కూడా నా పనేనని చెప్పారు. ఇంకొకరు బీఎస్సీ చదివినవాళ్లు నాలుగు నెలలు ఉండి వెళ్లిపోతారు, మాకు చిన్న కోర్సు చేసిన ఏఎన్ఎం అమ్మాయిలే నయమన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు, నేనైనా ఉండేదాన్ని కాదు. హైదరాబాద్‌లో స్నేహితురాలి గదిలో ఉంటూ రెండున్నర నెలల్లో తొమ్మిది ఆసుపత్రుల వాక్-ఇన్ ఇంటర్వ్యూలకు వెళ్లాను. ఉదయం ఎనిమిదికి వెళితే రిసెప్షన్ పక్కన ముప్పై, నలభై మంది అమ్మాయిలు, నలుగురైదుగురు అబ్బాయిలు ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండేవారు. అందరికీ ఇచ్చే ఫారంలో మూడో గడి "అనుభవం, సంవత్సరాలలో". అక్కడ సున్నా రాసినవారిని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, ప్రస్తుతానికి అనుభవం ఉన్నవారినే తీసుకుంటున్నామని చెప్పి పంపేవారు. నాలుగేళ్లలో ప్రభుత్వ ఆసుపత్రుల వార్డుల్లో, లేబర్ రూముల్లో, కమ్యూనిటీ పోస్టింగుల్లో గడిపిన నెలలన్నీ ఆ గడిలో రాయడానికి పనికిరావు. ఒకచోట ధైర్యం చేసి క్లినికల్ పోస్టింగులు అని రాశాను. హెచ్ఆర్ అమ్మాయి నవ్వి దాన్ని పెన్నుతో కొట్టేసింది.

ఈ మధ్యలోనే ఒక కన్సల్టెన్సీ వారు ఫోన్ చేసి, ఉద్యోగం ఖాయమని, మొదటి నెల జీతం తమకివ్వాలని, ముందుగా రెండు వేలు పంపాలని చెప్పారు. పంపాను. ఆ నంబరు మళ్లీ కలవలేదు. ఈ విషయం ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

తొమ్మిదో ఆసుపత్రిలో మాత్రం నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ స్వయంగా ఇంటర్వ్యూ చేశారు. ఆమె సర్టిఫికెట్లు చూడలేదు, ఒక తెల్లకాగితం, పెన్ను ఇచ్చారు. అరవై కిలోల రోగికి రక్తపోటు పెంచే డోపమిన్ మందు నిమిషానికి కిలోకు అయిదు మైక్రోగ్రాముల చొప్పున వెళ్లాలి, యాభై ఎంఎల్ సిరంజిలో రెండు వందల మిల్లీగ్రాములు కలిపావు, పంపు గంటకు ఎంత మీద పెడతావని అడిగారు. అయిదును అరవైతో హెచ్చిస్తే నిమిషానికి మూడు వందల మైక్రోగ్రాములు, గంటకు పద్దెనిమిది మిల్లీగ్రాములు, ఎంఎల్‌కు నాలుగు మిల్లీగ్రాములు ఉన్నాయి కనుక నాలుగున్నర ఎంఎల్. రాసి చూపించాను. సీపీఆర్‌లో ఎన్ని కంప్రెషన్లకు ఎన్ని శ్వాసలు, పొటాషియం క్లోరైడ్ నేరుగా ఐవీ పుష్ ఎందుకు ఇవ్వకూడదు, రక్తం ఎక్కిస్తున్నప్పుడు చలి వణుకు వస్తే మొదట చేయవలసిన పని ఏమిటి అని వరుసగా అడిగారు. మొదట రక్తం ఆపేస్తాను, ఆ తరువాతే డాక్టరుకు ఫోన్ చేస్తానన్నాను. "చాలామంది ముందు ఫోన్ చేస్తామంటారమ్మా" అన్నారు. ఆ రెండున్నర నెలల్లో నన్ను నర్సుగా చూసి మాట్లాడిన మొదటి మనిషి ఆమె. అదే ఆసుపత్రి గురించి ఇకముందు చెప్పబోయేది అంత బాగుండదు కనుక, ఈ మాట ముందే రాసి పెడుతున్నాను.

హెచ్ఆర్ గదిలో ఇచ్చిన ఆర్డరులో హోదా "ట్రైనీ", నెలకు పద్నాలుగు వేలు, అందులో హాస్టలుకు, పీఎఫ్‌కు, ఈఎస్ఐకి పోగా చేతికి పది వేల లోపు. రెండేళ్ల బాండు, మధ్యలో వెళితే లక్ష రూపాయలు, హామీగా ఒరిజినల్ సర్టిఫికెట్లు అక్కడే ఉంచాలి. బంగారం కుదువ పెట్టి విడిపించుకున్న కాగితాలను అయిదు నెలలు తిరగకముందే మరొకరి బీరువాలో పెట్టి, ఒక తెల్లకాగితం మీద రసీదు తీసుకున్నాను. ఆ రోజు చేసిన మంచి పని ఒక్కటే: సంతకం చేయడానికి ముందు ఎదురుగా ఉన్న జిరాక్స్ సెంటరుకు వెళ్లి ప్రతి కాగితాన్నీ రంగుల్లో స్కాన్ చేయించి మెయిల్‌లో పెట్టుకున్నాను.

ట్రైనీ అన్న మాటకు వార్డులో అర్థమేమీ లేదు. మొదటి పదిహేను రోజులు ఒక సీనియర్ అక్క వెంట తిరిగాను, ఆ తరువాత మెడికల్ ఐసీయూలో నాకూ విడిగా బెడ్లు ఇచ్చారు. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక నర్సు ఉండాలని కాలేజీలో చదువుకున్నాము. ఇక్కడ రాత్రి డ్యూటీలో నాకు ముగ్గురు, అందులో ఇద్దరు వెంటిలేటర్ మీద. గంట గంటకూ వైటల్స్, రెండు గంటలకోసారి పొజిషన్ మార్చడం, సక్షన్, తెల్లవారుజామున ఏబీజీ (ధమని రక్తంలో ఆక్సిజన్ వగైరా చూసే పరీక్ష) నమూనాలు, ఆరింటికి ఇంటేక్-అవుట్‌పుట్ లెక్క, ఏడున్నరకు హ్యాండోవర్. మూడో నెలలో ఒకసారి యాంటీబయాటిక్ డోసు గంటన్నర ఆలస్యమైతే ఇన్సిడెంట్ రిపోర్టులో నా పేరు పక్కన స్టాఫ్ నర్సు అని రాశారు. జీతం స్లిప్పులో మాత్రం ట్రైనీయే. ఇంత చెప్పినా, ఆ ఐసీయూలో నేర్చుకున్నది నాకు ఇంకెక్కడా దొరికేది కాదు. మూతి వంకర పోవడం, చెమట పట్టడం, ఇలా మానిటరు కంటే ముందు మనిషి ముఖంలో కనబడే మార్పును పట్టుకోవడం అక్కడి అక్కలు నేర్పినదే.

2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన నిపుణుల కమిటీ ప్రైవేటు నర్సుల జీతాల గురించి సిఫారసులు చేసిందని అక్కలలో ఒకరు చెబితే చదివాను. రెండు వందల పడకలు దాటిన ఆసుపత్రి ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి, యాభై పడకల లోపు ఆసుపత్రి కూడా ఇరవై వేలకు తగ్గకూడదు. మాది రెండు వందలు దాటిన ఆసుపత్రే. అమలు రాష్ట్రాల చేతిలో పెట్టిన సిఫారసు కనుక అది మా గోడమీద క్యాలెండరంత పనికి కూడా రాలేదు.

2024 సెప్టెంబరులో బోర్డు మళ్లీ 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. దరఖాస్తు ఆన్‌లైన్ కనుక స్కాన్ కాపీలు సరిపోయాయి. నైట్ డ్యూటీల మధ్య చదివి నవంబరు 23న పరీక్ష రాశాను. ఇక్కడే రెండో పాఠం. పరీక్షకు 80 మార్కులు, మిగిలిన 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో, పథకాల్లో కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ మీద చేసిన సేవకు. ఆరు నెలలకు రెండు పాయింట్లు, గిరిజన ప్రాంతమైతే రెండున్నర. ప్రైవేటు ఐసీయూలో పదహారు నెలల రాత్రులకు సున్నా. కరోనా కాలంలో ప్రాణాలకు తెగించి కాంట్రాక్టు మీద చేసినవారికి ఆ పాయింట్లు న్యాయమేనని నేను మనసారా ఒప్పుకుంటాను. కానీ నాలాంటి వారికి లెక్క స్పష్టమైంది: జీతం కోసం కాకపోయినా పాయింట్ల కోసమైనా ప్రభుత్వ కాంట్రాక్టులోకి వెళ్లాలి. మరో దారి ఎయిమ్స్ వారు నర్సు ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్ష. డిప్లొమా చేసినవారికి యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు గానీ బీఎస్సీ వారికి అనుభవంతో పని లేదు. ఈ సంగతి పాసైన రోజే తెలిసి ఉంటే హైదరాబాద్‌లో తొమ్మిది రిసెప్షన్ల ముందు కూర్చునే బదులు ఆ రెండున్నర నెలలూ చదువుకునేదాన్ని. ఆలస్యంగా ఒకసారి రాశాను, తప్పు సమాధానానికి మూడోవంతు మార్కు పోతుందన్న భయంతో సగం వదిలేసి ప్రిలిమ్స్‌లోనే ఆగిపోయాను.

డిసెంబరులో మా జిల్లాలో నేషనల్ హెల్త్ మిషన్ కింద కాంట్రాక్టు స్టాఫ్ నర్సుల ఖాళీలు పడ్డాయి. నెలకు 29,900, ఎంపిక మార్కుల మెరిట్ మీద. జాబితాలో నా పేరు వచ్చింది. వెరిఫికేషన్‌కు ఒరిజినల్స్ తప్పనిసరి, వారం గడువు. హెచ్ఆర్‌లో అడిగితే బాండు ఇంకా ఏడు నెలలు ఉంది, లక్ష కట్టు, లేదా ఆగు అన్నారు. కాలేజీ గడువు కథ మళ్లీ కళ్లముందు కదిలింది. ఈసారి నాన్న ఎదురుచూద్దామనలేదు. ఆయన ఆటోలో రోజూ కోర్టుకు వెళ్లే ఒక వకీలు గారి దగ్గరకు తీసుకెళ్లారు. వకీలు గారు బాండు అంతా చదివి, డబ్బు సంగతి వేరు, కావాలంటే వాళ్లు దాని కోసం దావా వేసుకోవచ్చు, సర్టిఫికెట్లు మాత్రం తాకట్టు పెట్టుకునే సొత్తు కాదని చెప్పి, ఒకటిన్నర పేజీ నోటీసు తయారు చేసి, కార్మిక శాఖకు ప్రతి అని కింద రాయించి రిజిస్టర్డ్ పోస్టులో పంపించారు. ఫీజు తీసుకోలేదు.

మూడో రోజు హెచ్ఆర్ నుంచి ఫోన్ వచ్చింది. ఒక నెల జీతం నోటీసు కాలానికి బదులుగా వదులుకుంటే విడుదల చేస్తామన్నారు. వెళ్లి తెచ్చుకున్నాను. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మీద ట్రైనీ అని కొట్టి ఇచ్చారు. సూపరింటెండెంట్ మేడమ్ దాన్ని చూసి, వెనక్కి పంపి, స్టాఫ్ నర్సు, మెడికల్ ఐసీయూ అని, పడకల సంఖ్యతో సహా తిరిగి కొట్టించి సంతకం చేశారు. ఆమె ఆ పని చేయవలసిన అవసరం లేదు.

ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ యూనిట్‌లో ఉన్నాను. వార్మర్ల కింద పన్నెండు మంది పిల్లలు, కిలోన్నర బరువువాళ్లు, కామెర్లకు పెట్టే ఫోటోథెరపీ నీలికాంతిలో కళ్లకు గంతలు కట్టుకుని పడుకున్నవాళ్లు. ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టే. ఒక్కో నెల జీతం ఆలస్యంగా పడుతుంది. మొదటి ఆరు నెలలు నిండిన రోజునే సర్వీసు సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టాను. గుమాస్తా గారు తలెత్తి, "అప్పుడే ఎందుకమ్మా, నోటిఫికేషన్ ఏమైనా పడిందా?" అని అడిగారు. పడలేదు సర్, నా దగ్గర ఉంచుకుంటానన్నాను. సంతకం, స్టాంపు వేసి ఇచ్చారు. దారిలో స్కాన్ చేయించి, ఇంటికి వచ్చి నాన్న కుట్టించి ఇచ్చిన రెక్సిన్ సంచిలో మిగతావాటితో కలిపి పెట్టాను. ఆ సంచి మా ఇంటి బీరువాలో, అమ్మ చీరల కింద ఉంది.