అజాడ్యం అంటే రోగం లేకపోవడమేనా?

శనివారం సాయంత్రాలు మా కాలనీ ఆంజనేయస్వామి గుడి మండపంలో పదిమంది పిల్లలకు శ్లోకాలు చెబుతుంటాను. బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరు, ఊరికే ఉండదు. ఎవరు కొత్తగా చేరినా మొదట నేర్పేది ఈ శ్లోకమే.

బుద్ధిర్బలం యశో ధైర్యం నిర్భయత్వమరోగతా
అజాడ్యం వాక్పటుత్వం చ హనూమత్స్మరణాద్భవేత్

హనుమంతుణ్ణి తలచుకుంటే ఎనిమిది కలుగుతాయని చెప్పి, ఒక్కొక్క మాటకూ అర్థం రాయిస్తాను. నా పాత నోటుబుక్కులో అజాడ్యం ఎదురుగా 'జాడ్యము లేకుండుట' అని ఉంది. ఏళ్ల తరబడి అదే రాయించాను. మొన్న అయిదో తరగతి పిల్లవాడొకడు వేళ్లు మడిచి లెక్కపెట్టి లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, జాడ్యం అంటే జబ్బే కదండీ? అరోగతా అన్నా జబ్బు లేకపోవడమే. మీరు ఎనిమిది అన్నారు, నాకు ఏడే వస్తున్నాయండీ."

వాడి లెక్క సరైనదే. తప్పు నాది.

తెలుగులో జాడ్యం అంటే జబ్బే. అంటుజాడ్యం అంటాం. పత్రికల్లో లంచాల జాడ్యం, వరకట్న జాడ్యం అని రోజూ చదువుతాం. కానీ శ్లోకం సంస్కృతంలో ఉంది. అక్కడ జడం అంటే చల్లబడి, బిగుసుకుపోయి, చలనం లేకుండా పడి ఉన్నది. మాఘమాసపు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి వచ్చి బొత్తాం పెట్టుకోబోతే వేళ్లు మాట వినవు చూడండి, అది జాడ్యం. వేళ్లకు రోగం లేదు, బలమూ ఎక్కడికీ పోలేదు. ఉన్న బలమే గడ్డకట్టి ఉంది. మనసుకు అలాంటిది పట్టినా అదే పేరు. 'యా కుందేందు' శ్లోకం చివర సరస్వతీదేవిని 'నిశ్శేషజాడ్యాపహా' అంటాం, జాడ్యాన్ని మిగలకుండా తుడిచిపెట్టే తల్లి అని. జ్వరం మాత్రల కోసం ఎవరూ సరస్వతి దగ్గరికి వెళ్లరు కదా!

మరి తెలుగులో దీనికి ఏ మాట పెట్టాలి? బద్ధకం అంటే చేయగలిగీ చేయకపోవడం. మొద్దుతనం అంటే ఎంత చెప్పినా తలకెక్కకపోవడం. మాంద్యం అందామంటే ఆ మాటను ఆర్థికశాస్త్రం వాళ్లు ఎత్తుకుపోయారు, ఇక తిరిగి ఇచ్చేలా లేరు. అన్నీ దగ్గరి చుట్టాలే, ఏదీ అచ్చంగా అది కాదు. ఇంకో తమాషా ఏమిటంటే, రాత్రి ఉలిక్కిపడి లేచిన పిల్లవాణ్ణి చూసి మన ఇళ్లలో 'జడుసుకున్నాడు' అని, తెల్లవారగానే ఈ స్వామి సిందూరమే పెట్టించుకుని వెళతారు. ఈ జడుపుకూ ఆ జడానికీ చుట్టరికం అంటగట్టను కానీ, బాగా భయపడ్డవాడు కూడా కాలూ చెయ్యీ ఆడక అలాగే బిగుసుకుపోతాడు.

ఆ పిల్లవాడి పుణ్యమా అని మిగతా మాటలనూ అనుమానంగా చూడడం మొదలుపెట్టాను. బుద్ధి ఉంది. బుద్ధిగా కూర్చో అంటే కదలకుండా కూర్చో అని. బుద్ధిమంతుడంటే ఎదురు చెప్పనివాడు. బుద్ధి చెప్పడమంటే చాలాసార్లు వీపు మీద చెప్పడమే. సంస్కృతంలో బుద్ధి అంటే తెలుసుకుని, ఇది ఇది, అది అది అని తేల్చుకోవడం. మన ఇంటి లెక్కన అయితే సూర్యుణ్ణి పండనుకుని ఎగిరిన బాల హనుమంతుడు బుద్ధిమంతుల జాబితాలోకి రానే రాడు. భయం సంగతీ అంతే. 'వాడికి పెద్దలంటే భయం లేదు' అనేది మనకు ఫిర్యాదు, శ్లోకంలో నిర్భయత్వం వరం. మనం భయాన్నీ భక్తినీ కలిపి భయభక్తులని ఒకే ఉట్టిలో పెట్టుకున్నాం. అది పోవాలని శ్లోకం అనడం లేదనే నేను అనుకుంటున్నాను. ఇక ధైర్యం, నిర్భయత్వం రెండూ ఒకటేనా అన్న ప్రశ్న ఇంకా ఏ పిల్లవాడూ వేయలేదు. వేస్తే చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. భయం లోపల ఉన్నా చెదరకుండా నిలబడడం ధైర్యం, అసలు లేకపోవడం నిర్భయత్వం.

ఇన్ని మాటలు తూచి చూశాక సుందరకాండలో ముప్పయ్యో సర్గ తీశాను. ఇదివరకు ఎన్నోసార్లు పారాయణ చేసిందే, ఎప్పుడూ అక్కడ ఆగలేదు. హనుమంతుడు శింశుపా వృక్షం కొమ్మల్లో కూర్చుని ఉన్నాడు. కింద సీతమ్మ. చుట్టూ రాక్షస స్త్రీలు. నూరు యోజనాల సముద్రం దాటినవాడు, ఇప్పుడు నోరు విప్పడానికి ఆలోచిస్తున్నాడు, ఏ భాషలో మాట్లాడాలి అని.

యది వాచం ప్రదాస్యామి ద్విజాతిరివ సంస్కృతామ్
రావణం మన్యమానా మాం సీతా భీతా భవిష్యతి

ద్విజుడిలా సంస్కృతం మాట్లాడితే నన్ను రావణుడే అనుకుని సీత భయపడుతుంది, అంటాడు. రాముడి చేత 'ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం లేదు' అనిపించుకున్న వ్యాకరణవేత్త ఆయన. ఆ సంస్కృతాన్నే పక్కన పెట్టి, 'మానుషం వాక్యం', మనుషులు మాట్లాడుకునే మాట, అందులో మాట్లాడాలని నిర్ణయించుకుంటాడు. అది కోసలదేశపు జనం మాట అని వ్యాఖ్యాతలు చెబుతారు. సీతమ్మ అత్తవారింట్లో విన్న మాటన్నమాట. వాక్పటుత్వం అంటే గొంతెత్తి ధారాళంగా ఉపన్యసించడమని ఇన్నాళ్లూ పిల్లలకు చెప్పాను. ఈ సర్గలో ఆయన చాలాసేపు మాట్లాడనేలేదు. తనకు భయం లేదు, ఆమెకు ఉంది. ఆమె భయాన్ని బట్టి తన భాషను ఎంచుకున్నాడు.

అప్పుడు కూడా పని సులువుగా కాలేదు. దశరథ మహారాజుతో మొదలుపెట్టి రామకథ మెల్లగా వినిపించాడు. ఆమె తల ఎత్తి చూసింది. చూస్తే కోతి! పీడకలేమో అనుకుంది. దిగి వచ్చి నమస్కరించినా, ఒక్కొక్క అడుగు దగ్గరికి వేసేకొద్దీ రావణుడేనేమోనన్న అనుమానం ఆమెకు పెరుగుతూ వచ్చిందని వాల్మీకి రాశాడు. ఉంగరం చేతికిచ్చేదాకా ఎంత ఓపిక పట్టాడో!

తరువాతి శనివారం పిల్లల చేత పాత అర్థం కొట్టేయించాను. అజాడ్యం ఎదురుగా 'చురుకు' అని రాయించాను. పెన్ను మూత పెట్టానో లేదో, వాడే మళ్లీ లేచాడు. "మాస్టారూ, మరి మన స్వామి ఎప్పుడూ కళ్లు మూసుకుని కదలకుండా కూర్చునే ఉంటారు కదండీ. అది చురుకు ఎలా అవుతుందండీ?" అందరూ గర్భగుడి వైపు చూశారు. మా గుడిలో స్వామి ధ్యానంలో ఉన్న మూర్తే.

అప్పుడు వాళ్లకు సముద్రపు ఒడ్డు కథ చెప్పాను. వానరులందరూ నేను ఇన్ని యోజనాలు దూకగలను, నేను ఇన్ని దూకగలను అని గట్టిగా లెక్కలు చెబుతున్నారు. ఒక్కడే ఎడంగా, మౌనంగా కూర్చుని ఉన్నాడు. చిన్నప్పటి అల్లరికి మునులిచ్చిన శాపం, ఎవరైనా గుర్తు చేసేదాకా తన బలం తనకు తెలియదు. ముసలి జాంబవంతుడు దగ్గరికి వెళ్లి, 'ఇలా ఒంటరిగా, ఊరుకుని కూర్చున్నావేమయ్యా హనుమా, మాట్లాడవేం?' అని అడిగాడు.

"అయితే అప్పుడు ఆయనకూ జాడ్యం ఉందన్నమాట" అన్నాడు వాడు.

ప్రసాదం గంట కొట్టారు. పిల్లలందరూ పరుగు తీశారు. నేను 'చురుకు' అన్న మాట పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టుకుని, ఆఖరున వెళ్లి వరుసలో నిలబడ్డాను.