కృతజ్ఞతాబలి పాఠం సిద్ధం చేసిన నా అనుభవం

మా సంఘంలో పెద్దల బైబిలు తరగతికి లేవీయకాండము పాఠాలు పంచుకున్నప్పుడు, సమాధానబలిని వివరించే మూడవ, ఏడవ అధ్యాయాలు నా వంతుకు వచ్చాయి. కృతజ్ఞతాబలి, మ్రొక్కుబడి, స్వేచ్ఛార్పణ ఈ సమాధానబలిలోని రకాలే. పదహారవ అధ్యాయంలోని ప్రాయశ్చిత్త దినాన్ని గురించి చెప్పడానికి పలువురు ముందుకు వచ్చారు గాని, క్రొవ్వు, మూత్రగ్రంథులు, కాలేజముమీది వప అంటూ సాగే మూడవ అధ్యాయాన్ని ఎవరూ అడిగి తీసుకోలేదు. ఈ అధ్యాయాల మీద నేను విన్న ప్రసంగాలు చాలావరకు బలి వివరాలను రెండు మాటల్లో దాటేసి నేరుగా క్రొత్త నిబంధనకు వెళ్లిపోయేవి. అలా కాకుండా, యెరూషలేములో రెండవ దేవాలయం నిలిచి ఉన్న రోజుల్లో ఒక కుటుంబం కృతజ్ఞతాబలి అర్పించిందనుకుంటే, జంతువును ఎంచుకోవడం మొదలు చివరి రొట్టె తినడం వరకు ఏమేమి జరిగేదో వరుసగా రాసి చూపించాలని అనుకున్నాను.

ఆ వరుస దొరకడమే కష్టమైంది. మూడవ అధ్యాయం బలిపీఠానికి చేరవలసినవి చెప్పి ఆగిపోతుంది. మాంసం ఎవరు తినాలి, ఎంతలోగా తినాలి అన్నది ఏడవ అధ్యాయం 11వ వచనం నుంచి మొదలవుతుంది. జంతువుకు ఉండకూడని లోపాలను తెలుసుకోవాలంటే 22వ అధ్యాయానికి వెళ్లాలి. వాటిలోనూ లేని వివరాల కోసం యూదు పండితుల ధర్మశాస్త్ర బోధల సంకలనమైన మిష్నాలోని జెవాహీమ్, మెనాహోత్ అనే భాగాలను చదివాను. మిష్నా కూర్పు జరిగింది సుమారు క్రీ.శ. 200లో, దేవాలయం నాశనమైంది క్రీ.శ. 70లో. అందువల్ల దానిని కళ్లారా చూసినవారి నివేదికగా కాక, జ్ఞాపకమూ శాస్త్రచర్చా కలిసిపోయిన గ్రంథంగా చదవాలని నా అభిప్రాయం.

చివరికి ఒక పెద్ద కాగితం మీద బలిపీఠం, యాజకుడు, అర్పించేవాడు అని మూడు గడులు గీసి, ప్రతి వచనంలోని వస్తువు ఎవరికి చేరుతుందో ఆ గడిలో రాస్తూ పోయాను. దహనబలిలో చర్మం తప్ప జంతువంతా బలిపీఠానికే పోతుంది. సమాధానబలిలో మాత్రం మూడు గడులూ నిండాయి. రక్తం, క్రొవ్వు మొదటి గడిలోకి, బోర, కుడి తొడ రెండవ గడిలోకి, మిగిలిన మాంసమంతా మూడవ గడిలోకి చేరాయి. ఈ పట్టిక ముందుంచుకుని చూస్తే, సమూయేలు మొదటి గ్రంథంలో ఏలీ కుమారులైన యాజకుల మీద మోపిన తప్పు ఎంతటిదో స్పష్టమైంది. బలిపీఠం మీద క్రొవ్వు కాలకముందే వారి పనివాడు వచ్చి పచ్చి మాంసం ఇమ్మని బెదిరించేవాడు. అంటే మొదటి గడి నిండకముందే రెండవ గడివారు చేయి చాపారన్నమాట.

జంతువు విషయంలో ఈ బలి కొంత ఉదారమైనది. మగదైనా ఆడదైనా ఫరవాలేదు. ఎద్దు, ఆవు, గొర్రె, మేక దేనినైనా తేవచ్చు. స్వేచ్ఛార్పణ అయితే అవయవాల్లో హెచ్చుతగ్గులున్న జంతువును కూడా అంగీకరిస్తారు, మ్రొక్కుబడికి మాత్రం అంగీకరించరు. అర్పించేవాడు జంతువు తలమీద చేయి ఉంచుతాడు, వధించేది కూడా అతడే. యాజకుని పని రక్తంతో మొదలవుతుంది. గొర్రె అయితే వెన్నెముక దగ్గరనుంచి కోసిన క్రొవ్విన తోకను మొత్తంగా బలిపీఠం మీద దహించాలి. తోకకు అంత ప్రాధాన్యమేమిటని తరగతిలో ఒకరు అడిగారు. మన నెల్లూరు గొర్రెకు తోక ఉందా లేదా అన్నట్టుంటుంది కాబట్టి ఆ సందేహం సహజమే. ఆ ప్రాంతపు గొర్రెల తోక వెడల్పుగా, కొన్ని కిలోల క్రొవ్వుతో వేలాడుతుంది. విశ్రాంతిదినాన పొట్టేలు తన తోక కింద కట్టిన చిన్న బండితో బయటికి వెళ్లకూడదని మిష్నాలో ఒక నియమమే ఉంది.

అన్నిటికంటె ఎక్కువ సమయం తీసుకున్నవి రొట్టెలు. కృతజ్ఞతాబలితోపాటు నూనె కలిపిన పులియని రొట్టెలు, నూనె పూసిన పులియని పలుచని అప్పడాలు, నూనెతో బాగా తడిపిన పిండి రొట్టెలు, వీటితోపాటు పులిసిన రొట్టెలు కూడా తేవాలని ఏడవ అధ్యాయం చెబుతుంది. సంఖ్య మాత్రం చెప్పదు. మెనాహోత్ చెబుతుంది: ఒక్కొక్క రకం పది చొప్పున మొత్తం 40 రొట్టెలు, వాటికి రెండు ఏఫాల పిండి. అందులో సగం పులియని మూడు రకాలకు, సగం పులిసిన పది రొట్టెలకు. ఏఫాను సుమారు 22 లీటర్లుగా తీసుకుంటే, ఒక్కొక్క పులిసిన రొట్టెకు రెండు లీటర్లకు పైగా పిండి పడుతుంది. మా వంటింట్లో అంత గోధుమపిండిని కొలిచి తూకం వేసి చూశాను, కిలో దాటింది. ఒక్క రొట్టెకే అంతైతే, 40 రొట్టెల పిండి మనం నెలకు తెచ్చుకునే 25 కిలోల బియ్యం బస్తాకు దగ్గరగా వస్తుంది. రకానికి ఒకటి చొప్పున నాలుగు రొట్టెలు రక్తం ప్రోక్షించిన యాజకునికి పోతే, ఇంటివారికి 36 మిగులుతాయి.

ఇంతటి భోజనానికి ధర్మశాస్త్రం ఇచ్చిన గడువు ఒక్క రోజు. మ్రొక్కుబడికి, స్వేచ్ఛార్పణకు మరునాడు కూడా తినవచ్చు, మూడవ నాటికి మిగిలినదానిని కాల్చివేయాలి. కృతజ్ఞతాబలి మాంసంలో మాత్రం ఉదయానికి ఏమీ మిగలకూడదు. పొరపాటున గడువు దాటకుండా ఉండాలని పండితులు దానిని అర్ధరాత్రికే కుదించారు. రొట్టెలు ఎక్కువున్న బలికే సమయం తక్కువెందుకు ఇచ్చారన్న ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తినవలసిన చోటు యెరూషలేము పట్టణమంతా అని, వండుకునే తీరు ఎవరి ఇష్టం వారిదని, శుద్ధులైన వారెవరైనా తినవచ్చని జెవాహీమ్ చెప్పిన మాటలను ఈ ప్రశ్నతో కలిపి చూస్తే జవాబు దొరికింది. ఒక కుటుంబం ఒక్క రాత్రిలో గొర్రెనూ 36 రొట్టెలనూ పూర్తిచేయలేదు. బంధువులను, ఇరుగుపొరుగువారిని పిలవక తప్పదు. వచ్చినవారు విందు దేనికని అడగకా మానరు. అప్పుడు తనకు జరిగిన మేలును అర్పించినవాడు నోరు విప్పి చెప్పవలసిందే. యూదు వ్యాఖ్యాతల్లో కొందరు కూడా ఇదే కారణం చెప్పారని తరువాత తెలిసి ధైర్యం వచ్చింది. కృతజ్ఞతాబలి మనసులో చెప్పుకొని ముగించే కృతజ్ఞత కాదు, వినేవారు లేకుండా అది పూర్తికాదు.

పాఠం రోజున ఒక పెద్దావిడ, "మరి గొర్రెను కొనలేనివాళ్ల సంగతేమిటి బ్రదర్? దహనబలికి గువ్వలైనా తేవచ్చన్నారు గదా, దీనికి అదీ లేదే?" అని అడిగారు. నిజమే, సమాధానబలికి పక్షులను అర్పించే ఏర్పాటు లేదు. నా దగ్గరున్న జవాబు 22వ కీర్తనలో ఉంది. అక్కడ భక్తుడు మ్రొక్కుబడులు చెల్లిస్తానన్న వెంటనే దీనులు తిని తృప్తిపొందుతారని అంటాడు. కొనలేనివారు ఆ బల్ల దగ్గరికి అతిథులుగా వచ్చేవారని చెప్పాను. దాసదాసీలను, లేవీయులను కూడా కూర్చోబెట్టుకుని తినాలని ద్వితీయోపదేశకాండము 12వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. ఆమె ఒప్పుకున్నారు గాని, పిలిచేవాళ్లు పిలిస్తేనే గదా అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మరొకరు, ఎవరు ఈ బలి అర్పించాలని అడిగారు. 107వ కీర్తనలో నలుగురు కనిపిస్తారు: ఎడారిలో దారి తప్పినవారు, చెర నుంచి విడుదలైనవారు, రోగం నుంచి లేచినవారు, సముద్రం దాటి వచ్చినవారు. కృతజ్ఞత చెల్లించవలసినవారు ఈ నలుగురేనని మిష్నా మీద యూదు పండితుల చర్చల గ్రంథమైన బాబిలోను తల్మూదులో, రవ్ అనే పండితుని పేరుమీద రవ్ యెహూదా చెప్పాడు.

నిజంగా తినలేక మిగిలిపోతే ఏమి చేసేవారన్నది తరగతి చివర వచ్చిన ప్రశ్న. పస్కా పండుగకు ముందురోజుల్లో అలా మిగిలేదని తల్మూదు చెబుతుంది. పండుగలో పులిసినది ఉండకూడదు కాబట్టి, కృతజ్ఞతాబలి బాకీ ఉన్నవారంతా యూదుల నీసాను నెల 13న ఒక్కసారిగా తెచ్చేవారు, రొట్టెలు తినేవారికంటె ఎక్కువయ్యేవి. అలా పనికిరాకుండా పోయిన రొట్టెలు రెండింటిని మరునాడు దేవాలయపు మంటపం పైన అందరికీ కనబడేలా ఉంచేవారని మిష్నాలో రబ్బీ యెహూదా అంటాడు. రెండూ ఉన్నంతసేపు పట్టణంలో అందరూ పులిసిన రొట్టె తినేవారు. ఒకదానిని తీసివేస్తే తినడం ఆపేవారు గాని ఇంకా కాల్చేవారు కాదు. రెండవదానిని కూడా తీసివేశాక అందరూ తమ ఇళ్లలోని పులిసినదానిని కాల్చడం మొదలుపెట్టేవారు.