విక్టోరియన్ పోయెట్రీతో నా రెండో నెట్ అటెంప్ట్

నిన్న సాయంత్రం నెట్ (కాలేజీ లెక్చరర్ ఉద్యోగానికి, పరిశోధనకి పెట్టే జాతీయ అర్హత పరీక్ష) రిజల్ట్ చూసుకున్నాను. జేఆర్ఎఫ్, అంటే పరిశోధనకిచ్చే ఫెలోషిప్, వచ్చింది. అమ్మకి ఫోన్ చేస్తే ఏడుపు తప్ప మాట రాలేదు. సబ్జెక్ట్ పేపరైన పేపర్ టూ, ఇంగ్లిష్ సాహిత్యం ఎలా చదివావని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఆ వేడిలోనే రాసేస్తున్నాను.

అందరికీ ఉమ్మడిగా ఉండే పేపర్ వన్‌కి రోజుకో గంట, పాత ప్రశ్నపత్రాలు, అంతే. నేను చెప్పాల్సింది విక్టోరియన్ కవిత్వం, అంటే విక్టోరియా రాణి కాలపు ఇంగ్లిష్ కవిత్వం గురించి, మొదటి అటెంప్ట్‌లో నన్ను ముంచింది అదే.

అప్పుడు నా నోట్స్ నిండా కవి, కావ్యం, సంవత్సరం. ప్యాట్మోర్ ‘ది ఏంజెల్ ఇన్ ది హౌస్’ 1854, ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ ‘అరోరా లీ’ 1856, క్రిస్టినా రొసెట్టి ‘గాబ్లిన్ మార్కెట్’ 1862, నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. మగవాడికి కత్తి, ఆడదానికి సూది అని వచ్చే పంక్తుల మీద ప్రశ్న కనిపించగానే టెన్నిసన్ ‘ది ప్రిన్సెస్’, 1847 అని గుర్తుపట్టాను, గుర్తుపట్టి కూడా తప్పు పెట్టాను. ఎందుకంటే అది కవి అభిప్రాయం అనుకున్నాను. ఆ మాటలు కథలోని రాజకుమారుడి తండ్రివి, ముసలి రాజువి. మగవాళ్లకి ప్రవేశం లేని విశ్వవిద్యాలయం పెట్టిన రాజకుమారి ఐడా కథలో వస్తాయి, ఆ రాజు కొడుకు కూడా వాటితో ఏకీభవించడు. కావ్యం చదివుంటే తెలిసేది, నేను గైడు చదివాను. జేఆర్ఎఫ్ పోయింది అలాంటి నాలుగైదు ప్రశ్నల దగ్గరే.

తర్వాత నెల రోజులు పుస్తకం ముట్టలేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు టెన్నిసన్ ‘ది లేడీ ఆఫ్ షాలట్’ మొత్తం చదివాను. బయటికి నేరుగా చూడకూడదన్న శాపంతో బురుజులో కూర్చుని అద్దంలో నీడలు చూస్తూ నేసే అమ్మాయి, ఆర్థర్ రాజు వీరుడు లాన్స్‌లాట్ అటుగా వెళ్తుంటే మగ్గం వదిలి మూడడుగులు వేసి కిటికీలోంచి చూస్తుంది, అద్దం పగిలిపోతుంది, పడవ ఎక్కి పాడుతూ చనిపోతుంది. ఇది అందరికీ తెలిసిందే. నన్ను ఆపేసింది ముగింపు. 1832లో అచ్చయిన మొదటి రూపంలో ఆమె గుండెల మీద ఒక ఉత్తరం ఉంటుంది, దగ్గరికి రండి, భయపడకండి, ఇది నేనే అని. 1842లో టెన్నిసన్ తిరగరాసినప్పుడు ఉత్తరం తీసేశాడు. లాన్స్‌లాట్ వంగి చూసి ముఖం అందంగా ఉంది, దేవుడు దయ చూపుగాక అంటాడు. పదేళ్లలో ఆమె మాట పోయి అతని మాట మిగిలింది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు నాకు.

అప్పటినుంచి ప్రతి కవితనీ ఒకటే అడిగాను: ఇందులో తన ఇంటినీ, తన చోటునీ వదిలి వెళ్లేది ఎవరు, వెళ్లి ఏమవుతారు? టెన్నిసన్ అదే 1842 సంపుటిలో గ్రీకు వీరుడు యులిసీస్ ముసలి భార్యని, రాజ్యాన్ని వదిలి ఓడెక్కుతాడు, అది వీరత్వం. ఆర్నాల్డ్ ‘స్కాలర్ జిప్సీ’లో ఆక్స్‌ఫర్డ్ కుర్రాడు చదువు వదిలి ఊరూరా తిరిగే జిప్సీల్లో కలిసిపోతాడు, వందల ఏళ్లు దాటినా చావు లేనట్టే తిరుగుతుంటాడు. టెన్నిసన్ మరో కవితలోని మరియానా మాత్రం పాడుబడ్డ ఇంట్లో రాని మనిషి కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఇక ‘అరోరా లీ’ నాయిక అరోరా, ఇరవయ్యో పుట్టినరోజున తోటలో బంధువు రోమ్నీ పెళ్లి ప్రస్తావన తెస్తే కాదని, తర్వాత లండన్‌లో గది తీసుకుని రాతలమీద బతుకుతుంది. చివరికి రోమ్నీనే చేసుకుంటుంది, నిజమే, కానీ అప్పటికి కవయిత్రిగా తన కాళ్ల మీద నిలబడింది. ఇలా పక్కపక్కన పెట్టుకుంటే సంవత్సరాలు కంఠతా పెట్టక్కర్లేదు, వాటంతటవే గుర్తుంటాయి.

ఇంట్లోంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివినందుకు ఎన్నో మాటలు పడ్డాను. పెళ్లి తప్పించుకోవడానికే చదువు వంక అన్నారు. నేను దేన్నీ తప్పించుకోలేదు. పొద్దున ఐదింటికి లేచి, ఫోన్ వార్డెన్ గారి దగ్గర పెట్టి, పద్నాలుగు నెలలు కూర్చున్నాను. కూర్చోవడం రావాలి అక్కలూ, తమ్ముళ్లూ, జ్వరం వచ్చినా రెండు పేజీలైనా చదవాలి, మూడ్ లేదంటే పరీక్ష ఆగదు.

సిలబస్‌లో మిగిలిన రొమాంటిక్స్, మోడర్నిజం, థియరీ భాగాలకి కూడా ఇదే పద్ధతి, విడిగా రాయడానికి ఏమీ లేదు. ఈ వారం ఒక పని చేయండి, ‘ది లేడీ ఆఫ్ షాలట్’ 1832ది, 1842ది రెండూ తెచ్చుకుని నాలుగో భాగం పక్కపక్కన చదవండి, గంట కూడా పట్టదు.