సంతకం ధర, సంతకం పెట్టినవాడి వాటా

పోయిన శనివారం మా అబ్బాయిని డాలస్ దగ్గర ఒక కార్డ్ షోకి (ఆటగాళ్ల కార్డులు, సంతకం చేసిన వస్తువులు అమ్మే సంతకి) తీసుకెళ్లాను. కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) ఒకతను సంతకాలు పెట్టడానికి వస్తున్నాడని వాడు పది రోజులుగా నన్ను కూర్చోనివ్వలేదు. టేబుల్ పక్కన రేట్ల బోర్డు ఉంది. ఫోటోకి ఒక రేటు, మినీ హెల్మెట్‌కి ఒకటి, పెద్ద హెల్మెట్‌కి ఇంకా ఎక్కువ, సంతకం కింద ఏదైనా మాట అదనంగా రాయించుకుంటే దానికి వేరే, అసలు సంతకమేనని స్టిక్కర్ వేయిస్తే దానికీ వేరే. లైన్లో మా వెనకున్న తెలుగాయన "చదువుకునే కుర్రాడి సంతకానికి ఇంత డబ్బా అండీ" అన్నారు. అప్పుడు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను.

ఈ సంతకాలకు ధర ఇప్పుడు కొత్తగా వచ్చింది కాదండీ. డీలర్లు ఎప్పటినుంచో అమ్ముతున్నారు, కాలేజీ ఆటగాడు తన సంతకానికి డబ్బు తీసుకుంటేనే నిబంధనల ప్రకారం తప్పయ్యేది. జార్జియా యూనివర్సిటీలో రన్నింగ్ బ్యాక్‌గా (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడిగా) ఆడిన టాడ్ గర్లీ రెండేళ్లలో సంతకాల మీద 3,000 డాలర్లకు పైగా తీసుకున్నాడని 2014లో నాలుగు మ్యాచ్‌లు ఆడనివ్వలేదు. తిరిగొచ్చి ఆడిన మొదటి మ్యాచ్‌లోనే మోకాలి లిగమెంట్ తెగింది. ఒక్క దెబ్బతో కెరీర్ పోయే ఆట ఇది, అలాంటి పిల్లాడిని పేరున్న నాలుగు రోజుల్లో నాలుగు డబ్బులు చేసుకోవద్దనడం నాకు ఎప్పటికీ న్యాయం అనిపించదు.

మా టెక్సస్‌లో 2013లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్‌జెల్ మీద కూడా ఇదే గొడవ. డబ్బు తీసుకున్నట్టు ఆధారం దొరకలేదన్నారు, అయినా రైస్ యూనివర్సిటీతో మ్యాచ్‌లో సగం బయట కూర్చోబెట్టారు. అదే నెలలో, కాలేజీ ఆటలకు నిబంధనలు పెట్టే సంస్థ ఎన్‌సీఏఏ సొంత ఆన్‌లైన్ షాపులో అతని పేరు కొట్టి వెతికితే అతని 2వ నంబరు జెర్సీలు వస్తున్నాయని టీవీ క్రీడా వ్యాఖ్యాత జే బిలాస్ బయటపెట్టాడు. అప్పుడు సిగ్గుపడి ఆ అమ్మకాలు ఆపారు.

2021 జూలై 1 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చని నిబంధన మారింది. ఇప్పుడు మామూలుగా డీలర్ ఆటగాడితో ఇన్ని సంతకాలకు ఇంత అని ముందే మాట్లాడుకుంటాడు, తర్వాత తన ఖర్చులు, లాభం కలుపుకుని బోర్డు మీద రేటు పెడతాడు. ఆటగాడు శనివారం మ్యాచ్‌లో బాగా ఆడితే డిమాండ్ పెరుగుతుంది, గాయమైతే పడిపోతుంది, మరీ ఎక్కువ సంతకాలు మార్కెట్లోకి వచ్చినా పడిపోతుంది. నష్టం డీలర్‌ది కూడా కాబట్టి అతని లాభం మీద నాకు కోపం లేదు.

నాకు బాధ కలిగించేది ఒకటే. ప్రాక్టీస్ తర్వాత కంచె దగ్గర నిలబడ్డ పిల్లలకు ఉచితంగా పెట్టే సంతకాలు. పెద్దవాళ్లు పిల్లల చేత కార్డులు పట్టించి, సంతకం అయ్యాక అమ్ముకుంటుంటే ఆటగాళ్లు ఆ పిల్లల్ని కూడా అనుమానంగా చూడాల్సి వస్తోంది. అందుకే కొందరు సంతకంతో పాటు పిల్లాడి పేరు కూడా రాస్తారు, వేరేవాళ్ల పేరున్న వస్తువుని అమ్మితే అంత రేటు రాదు కదా.

మా వాడు ఫోటో మీద తన పేరు రాయమని అడిగాడు. "స్పెల్లింగ్ చెప్పు" అని, అతను తల వంచి ఒక్కో అక్షరం జాగ్రత్తగా రాశాడు. ఆ ఫోటో ఇప్పుడు వాడి మంచం పక్కన ఉంది.